ఎత్తు వేసే ముందు ఒక్క క్షణం

చెస్ పోటీలు జరిగే ఏ హాలు బయటైనా ఓ పావుగంట నిలబడితే చాలు, ఈ దృశ్యం కనబడుతుంది. లోపల్నుంచి పదేళ్ల పిల్లాడు తల దించుకుని బయటికొస్తాడు. చేతిలో నలిగిపోయిన స్కోర్‌షీటు. మంచినీళ్ల సీసా పట్టుకుని ఎదురుచూస్తున్న నాన్నని చూడగానే వాడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

'ఏమైందిరా?'

'గెలిచే ఆటే నాన్నా... రూక్ ఉందని చూసుకోలేదు. క్వీన్ పోయింది.'

'పోయినసారీ ఇదే చెప్పావు కదరా!'

ఆ గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువ. వారానికి మూడు రోజులు కోచింగ్. అలమరలో పుస్తకాలు. రోజూ పడుకునే ముందు ఇరవై పజిళ్లు. ఇంట్లో ఇస్తే అర నిమిషంలో జవాబు చెప్పే పిల్లాడు, పోటీలో అంతకన్నా తేలికైన ఎత్తుని ఎందుకు చూడలేకపోతున్నాడు? తెలివి చాలకా? ఏకాగ్రత లేకా?

రెండూ కావు. పజిల్ కింద 'తెల్లపావులు ఆడి గెలవాలి' అని రాసి ఉంటుంది. అంటే ఇక్కడేదో దాగి ఉందని ముందే చెప్పేశారన్నమాట. వెతకమని చెబితే వెతకడం వాడికి బాగానే వచ్చు. పోటీలో ఆ మాట చెప్పేవాళ్లుండరు. 'బాబూ, ఈ ఎత్తు దగ్గర కాస్త ఆగు' అని భుజం తట్టేవాళ్లుండరు. ఎప్పుడు ఆగాలో, ఆగి ఏం అడగాలో ఎవరికి వారే నేర్చుకోవాలి. చదరంగంలో చాలామంది ఎదుగుదల ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. వాళ్లకి తక్కువైంది తెలిసిన విషయాలు కాదు, బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఆలోచించే పద్ధతి.

చాంపియన్లకూ తప్పలేదు

పిల్లాణ్ని తిట్టేముందు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 2006 నవంబరు. జర్మనీలోని బాన్ నగరం. అప్పటి ప్రపంచ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ 'డీప్ ఫ్రిట్జ్' అనే కంప్యూటర్‌తో తలపడుతున్నాడు. రెండో గేము. నల్లపావులతో క్రామ్నిక్ హాయిగానే ఉన్నాడు. మనసులో ఓ పథకం ఉంది. దాని ప్రకారం తన మంత్రిని తాపీగా జరిపాడు. మరుక్షణం కంప్యూటర్ ఒక్క ఎత్తులో ఆట కట్టేసింది!

ఒక్క ఎత్తులో ఆటకట్టు. ఆట నేర్చుకున్న నెలరోజులకి పిల్లలు కనిపెట్టే సంగతి. ప్రపంచ చాంపియన్‌కి తెలియకా? తెలుసు. కానీ ఆ క్షణంలో ఆయన తన పథకాన్ని చూస్తున్నాడు గానీ బోర్డుని చూడటం లేదు.

2014 నవంబరు 15న రష్యాలోని సోచిలో ఇంకా విచిత్రం జరిగింది. ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేము. మాగ్నస్ కార్ల్‌సన్ తెల్లపావులు, మన విశ్వనాథన్ ఆనంద్ నల్లపావులు. అప్పటికి స్కోరు చెరి రెండున్నర. 26వ ఎత్తులో కార్ల్‌సన్ రాజుని తప్పు గడిలోకి జరిపాడు. ఆనంద్ గుర్రంతో మధ్యలో ఉన్న బంటుని కొడితే చాలు, ఆ వరసలో రెండు బంట్లు చేతికొస్తాయి, ఆట మలుపు తిరిగిపోతుంది. ఆనంద్ ఒక నిమిషం ఆలోచించాడు. అంతకుముందే అనుకున్న ప్రకారం అంచున ఉన్న బంటుని ముందుకు తోశాడు. ఆ గేము ఓడిపోయాడు. చివరికి 6.5-4.5 తేడాతో టైటిలూ అందలేదు.

బంటు తోసిన వెంటనే ఆ ఎత్తు తనకి కనబడిందని ఆనంద్ తర్వాత చెప్పాడు. ఎదుటివాడు పొరబాటు చేస్తాడని ఎదురు చూడలేదు కాబట్టి ఆ పొరబాటు కోసం వెతకలేదు. ఐదుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచిన మనిషి కంటికే మాటు పడితే, పదేళ్ల పిల్లాడి సంగతి చెప్పాలా?

కన్ను అక్కడే తిరుగుతుంది

ఈ మాటు ఎలా పడుతుంది? మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్లౌడ్, ఫెర్నాండ్ గోబే అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగం దీనికి చక్కటి జవాబు చెబుతుంది. మంచి స్థాయి ఆటగాళ్లకి బోర్డు మీద ఒక సమస్య ఇచ్చారు. దానికి అందరికీ తెలిసిన పాత పరిష్కారం ఒకటుంది, ఐదు ఎత్తుల్లో ఆటకట్టు. అంతగా అలవాటులేని మరో దారీ ఉంది, మూడు ఎత్తుల్లోనే ఆటకట్టు. చాలామంది ఐదు ఎత్తుల దారిని చటుక్కున పట్టేశారు. 'ఇంతకన్నా చిన్న దారి ఉందేమో చూడండి' అంటే, చూస్తున్నాం, కనబడటం లేదన్నారు.

వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో పరికరాలతో గమనిస్తే అసలు గుట్టు బయటపడింది. కొత్తదారి కోసం వెతుకుతున్నామని వాళ్లు నిజాయతీగానే అనుకుంటున్నారు. కళ్లు మాత్రం పాత పరిష్కారానికి సంబంధించిన గళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి! ఆ పాత దారి కుదరకుండా పావుల అమరిక కాస్త మార్చి, అంతే స్థాయి ఆటగాళ్లకి ఇస్తే, మూడు ఎత్తుల దారి వాళ్లకి దొరికింది. అంటే మంచి ఆలోచన ఒకటి తట్టగానే అది అంతకన్నా మంచి ఆలోచనకి అడ్డంగా నిలబడుతోందన్నమాట. 'మంచి ఎత్తు కనిపిస్తే ఆగు, ఇంకా మంచిది వెతుకు' అని చెస్ గురువులు తరతరాలుగా ఊరికే చెప్పలేదు.

మేధావులు ఎంత దూరం చూస్తారు?

గ్రాండ్‌మాస్టర్లు ఇరవై ఎత్తుల ముందు దాకా చూస్తారని చాలామంది నమ్మకం. అడ్రియాన్ డి గ్రూట్ ఈ నమ్మకాన్ని పరీక్షకి పెట్టాడు. ఆయన డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1937, 1939 చెస్ ఒలింపియాడ్లలో నెదర్లాండ్స్ తరఫున ఆడినవాడు కూడా. అలెఖైన్, యూవే, కెరెస్ లాంటి ఉద్దండులనీ, మామూలు క్లబ్బు ఆటగాళ్లనీ ఒకే అమరిక ముందు కూర్చోబెట్టి, 'మీ మనసులో ఏం నడుస్తోందో పైకి చెబుతూ ఆలోచించండి' అన్నాడు. వాళ్ల మాటలన్నీ రాసుకుని 1946లో పరిశోధన గ్రంథంగా వెలువరించాడు.

తేలిందేమిటి? గొప్ప ఆటగాళ్లు మిగతావాళ్ల కన్నా మరీ ఎక్కువ దూరమేమీ చూడటం లేదు. మరీ ఎక్కువ ఎత్తుల్నీ లెక్కించడం లేదు. కాకపోతే వాళ్లు లెక్కించేవి పనికొచ్చే ఎత్తులు. బోర్డుని చూసిన కొద్ది సెకన్లలోనే అసలు తగాదా ఎక్కడుందో వాళ్లకి తెలిసిపోతోంది.

1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ మరో మెట్టు పైకెళ్లారు. నిజమైన ఆటలోంచి తీసిన అమరికని ఐదు సెకన్లు చూపించి తీసేస్తే, మాస్టర్ చాలా పావుల్ని ఎక్కడివక్కడ పెట్టేశాడు. కొత్త ఆటగాడు నాలుగైదు పావుల దగ్గరే ఆగిపోయాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పేర్చి చూపిస్తే మాస్టర్ ఆధిక్యం దాదాపు మాయమైపోయింది. అంటే అది పుట్టుకతో వచ్చిన జ్ఞాపకశక్తి కాదు. వేల ఆటలు చూసి చూసి, పావుల గుంపుల్ని మనం మాటల్ని చదివినట్టు చదవడం అలవాటు చేసుకున్నారు.

ఈ అలవాటు ఏళ్ల తరబడి ఆడితేనే వస్తుంది. దానికి దగ్గర దారి లేదు. కానీ ఇవాళే మార్చుకోగలిగింది ఇంకొకటుంది.

తన తప్పు తానే పట్టాలి

డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు మిషెల్ కౌలీ, రూత్ బైర్న్ 2004లో ఇదే పైకి చెబుతూ ఆలోచించే పద్ధతితో మాస్టర్లనీ, కొత్తవాళ్లనీ పోల్చి చూశారు. కొత్తవాడు ఓ ఎత్తు అనుకున్నాక, ఎదుటివాడు తనకి అనుకూలంగా ఆడతాడని ఊహించుకుంటాడు. 'నేను ఇక్కడ పెడతాను, వాడు అక్కడికి జరుగుతాడు, నేను కొట్టేస్తాను.' మాస్టర్ అలా కాదు. తన ఎత్తుని ముక్కలు చేసే జవాబు ఎదుటివాడి దగ్గర ఏముందా అని వెతుకుతాడు. తన ఆలోచన తప్పని తానే నిరూపించడానికి ప్రయత్నిస్తాడు. కుదరకపోతేనే ఆడతాడు.

అమెరికన్ శిక్షకుడు డాన్ హైస్‌మన్ మొదటి రకానికి ఓ పేరు పెట్టాడు... 'ఆశల చదరంగం'. ఎదుటివాడి జవాబు చూసుకోకుండా ఎత్తు వేసి, ఏమీ కాకూడదని దండం పెట్టుకోవడం! మనవాళ్లు ఎత్తుకు పైఎత్తు అంటారు కదా. పైఎత్తు ఎదుటివాడు వేశాక ఆలోచించేది కాదు. మన ఎత్తు వేయక ముందే వాడి పైఎత్తు మనమే వేసి చూసుకోవాలి.

కోటొవ్ చెట్టు

ఆలోచనకి క్రమశిక్షణ నేర్పిన పుస్తకాల్లో సోవియట్ గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ కోటొవ్ రాసిన 'థింక్ లైక్ ఎ గ్రాండ్‌మాస్టర్' ప్రసిద్ధం. 1971లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ముందు ఆడదగ్గ రెండు మూడు ఎత్తుల్ని ఎంచుకోవాలి. ఒక్కోదాన్నీ చెట్టు కొమ్మలా చివరిదాకా పరిశీలించాలి. ఒకసారి చూసిన కొమ్మ మీదికి మళ్లీ మళ్లీ ఎక్కకూడదు. ఇదీ ఆయన సూత్రం.

ఆయన వర్ణించిన జబ్బు ఇంకా ప్రసిద్ధం. ఆటగాడు మొదటి ఎత్తుని పది నిమిషాలు చూస్తాడు, నచ్చదు. రెండోదాన్ని పది నిమిషాలు చూస్తాడు, అదీ నచ్చదు. మళ్లీ మొదటిదానికి వస్తాడు. గడియారం చూస్తే గుండె ఝల్లుమంటుంది. అంతే, అంతవరకూ ఒక్క సెకను కూడా చూడని మూడో ఎత్తుని టక్కున ఆడేస్తాడు. అది అన్నిట్లోకీ చెత్త ఎత్తు అయి ఊరుకుంటుంది. పెళ్లిచీరల కొట్లో మూడు గంటలు బేరమాడి, పక్క కొట్లో మడత కూడా విప్పని చీర కొనుక్కొచ్చినట్టు!

కొమ్మ మీదికి రెండోసారి ఎక్కకూడదన్న సూత్రాన్ని తర్వాతి గ్రాండ్‌మాస్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఒక కొమ్మలో దొరికిన ఉపాయం మరో కొమ్మకి పనికొస్తుంది కాబట్టి వెనక్కి రావడం తప్పు కాదన్నారు. మిఖాయిల్ తాల్ అయితే ఓ ఆటలో గుర్రాన్ని బలివ్వాలా వద్దా అని లెక్కలేస్తూ వేస్తూ, బురదలో దిగబడిన నీటిగుర్రాన్ని పైకి లాగడమెలా అనే ఆలోచనలోకి జారిపోయాడట. ఎంతకీ దాన్ని లాగలేక, లెక్కలన్నీ వదిలేసి మనసుకి తోచినట్టు గుర్రాన్ని బలిచ్చాడు. నలభై నిమిషాలు నిశితంగా లెక్కించి తాల్ అమోఘమైన ఎత్తు వేశాడని మర్నాడు పత్రికలో వచ్చిందని ఆయనే నవ్వుతూ చెప్పుకొన్నాడు.

కాబట్టి అందరికీ ఒకే కొలత చొక్కా సరిపోదు. అయితే తాల్‌కి చెల్లింది పదేళ్ల పిల్లాడికి చెల్లదు. మొదట క్రమం, ఆ తర్వాతే స్వేచ్ఛ.

నాలుగు ప్రశ్నలు

ఆ క్రమం పెద్ద కష్టమైందేమీ కాదు. బోర్డు ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం.

ఒకటి: ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు వేశాడు? దీంతో ఏం మారింది? ప్రతి ఎత్తూ ఏదో ఒక గడికి కొత్తగా కాపు కాస్తుంది, ఏదో ఒక గడిని వదిలేస్తుంది. ఆ వదిలేసింది చూడాలి. సోచిలో ఆనంద్‌కి జారిపోయిన ప్రశ్న ఇదే.

రెండు: చెక్ ఏముంది, కొట్టడానికేముంది, బెదిరించడానికేముంది? ఇది రెండు వైపుల నుంచీ చూడాలి. ముందు వాడికున్నవి, తర్వాత మనకున్నవి.

మూడు: ఆడదగ్గ ఎత్తులు ఏవి? కనీసం రెండు. ఒక్కటే కనబడితే అది ఎంపిక కాదు, అలవాటు.

నాలుగు: నేను వాడి కుర్చీలో కూర్చుంటే ఈ ఎత్తుకి ఏం జవాబిస్తాను?

ఇవయ్యాక చిట్టచివర ఒక చూపు. ఇది రష్యన్ మాస్టర్ బెనియమిన్ బ్లూమెన్‌ఫెల్డ్ చెప్పిన చిట్కా. ఎత్తు నిర్ణయించుకున్నాక వెంటనే ఆడకుండా ముందు కాగితం మీద రాయాలి. తర్వాత బోర్డుని మొట్టమొదటిసారి చూస్తున్న కొత్తవాడిలా చూడాలి. ఒక్క ఎత్తులో ఆట కట్టిపోతుందా? ఏదైనా పావు ఊరికే పోతుందా? అంతే. బాన్‌లో క్రామ్నిక్‌ని కాపాడగలిగింది ఈ ఐదు సెకన్ల చూపే.

అయితే ఇప్పుడు ముందుగా రాయడం కుదరదు. ఆడకముందే ఎత్తుని రాసుకోవడాన్ని అంతర్జాతీయ చెస్ సమాఖ్య 2005 జులై నుంచి నిషేధించింది. కాగితం లేకపోయినా చిట్కా పోదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకు కూర్చోమని పిల్లలకి కోచ్‌లు చెప్పేది అందుకే. చెయ్యి బయటికి తీయడానికి పట్టే ఆ క్షణమే చివరి చూపుకి సమయం. ముట్టుకున్న పావునే ఆడాలన్న నియమం ఉన్న ఆటలో ఆ క్షణం విలువ ఇంతా అంతా కాదు.

ఇన్ని ప్రశ్నలకి టైమెక్కడిదంటారా? పెద్ద పోటీల్లో ఒక్కొక్కరికీ 90 నిమిషాలు, ఎత్తుకి మరో 30 సెకన్లు ఇవ్వడం మామూలు. 40 ఎత్తుల ఆటకి మొత్తం 110 నిమిషాలు. సగటున ఎత్తుకి 2 నిమిషాల 45 సెకన్లు. అరగంటలో ఆట ముగించి లేచే పిల్లలకి లేనిది టైము కాదు, దాన్ని వాడే అలవాటు. నాలుగు ప్రశ్నలూ మొదట్లో నత్తనడకే. కొన్ని నెలలు నిదానమైన ఆటల్లో సాధన చేస్తే సైకిల్ తొక్కడం లాగా వాటంతటవే జరిగిపోతాయి. ఫోన్లో మూడు నిమిషాల ఆటలు మాత్రం ఈ సాధనకి పనికిరావు. అక్కడ ప్రశ్న వేసుకునే తీరికే ఉండదు.

సింగపూర్‌లో ఆ క్షణం

2024 డిసెంబరు 12. సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరిదైన 14వ గేము. డింగ్ లిరెన్, గుకేశ్ చెరి ఆరున్నర పాయింట్లు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ గుకేశ్‌కి ఓ బంటు ఎక్కువుంది గానీ, ఆట డ్రా దిశగానే సాగుతోంది. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగుని జరిపాడు.

అది తప్పని తనకి మొదట తట్టలేదని గుకేశ్ తర్వాత చెప్పాడు. అనుకున్న ఎత్తు టక్కున ఆడేసి ఉంటే మరో సోచి అయ్యేది. ఆడలేదు. మళ్లీ చూశాడు. ఏనుగులు మార్చుకుంటే, డింగ్ శకటు మూలన ఇరుక్కుపోయి ఉంది, దాన్నీ మార్చుకోక తప్పదు. మిగిలేది బంట్ల ఆట, అందులో గెలుపు ఖాయం. ఒక్కసారిగా మొహంలో వెలుగు. కుర్చీలో కూర్చోలేక లేచి, మళ్లీ కూర్చుని, ఊపిరి పీల్చుకుని అప్పుడు ఆడాడు. మరో మూడు ఎత్తులకి డింగ్ చేయి చాపాడు. 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్!

ఎదిగే వయసులో చాలా ఏళ్లపాటు గుకేశ్‌ని కోచ్ విష్ణు ప్రసన్న కంప్యూటర్ విశ్లేషణకి దూరంగా ఉంచడం చెస్ లోకంలో అందరికీ తెలిసిన సంగతే. జవాబు మెషీన్ చెప్పేస్తే, వెతకడం ఎవరు నేర్చుకుంటారు?

ఆ నెలలోనే న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ పోటీలు. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి మొదటి గేమే ఓడిపోయింది. 37 ఏళ్ల వయసు, ఎదురుగా సగం వయసు పిల్లలు. తర్వాతి గేములో పోయిన గేము గురించి ఆలోచిస్తూ కూర్చుంటే కథ అక్కడే ముగిసేది. ఆమె ఎదురుగా ఉన్న బోర్డునే చూసింది. 11 గేముల్లో 8.5 పాయింట్లతో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. మొదటిది 2019లో.

నాన్న అడగాల్సిన ప్రశ్న

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. చెస్ ఆడితే లెక్కల్లో మార్కులు వాటంతటవే రావు. ఇంగ్లండులో సుమారు 100 ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకి చెస్ నేర్పి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఏడాది తర్వాత లెక్కల పరీక్షలో తేడా ఏమీ కనబడలేదు. కాబట్టి మార్కుల కోసం పిల్లల్ని బోర్డు ముందు కూర్చోబెట్టనక్కర్లేదు. ఆటని ఆటగా నేర్పితే చాలు. బాగా ఆడాలన్న కోరిక వాడిదైతే, బాగా ఆలోచించడం నేర్చుకునే ఓపిక కూడా వాడికే వస్తుంది.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. ఓ రెండు రూళ్ల నోటుపుస్తకం. ఓడిన ప్రతి ఆటలోనూ తప్పిన ఎత్తు ఒక వైపు, 'అప్పుడు నేనేం అనుకున్నాను' అన్నది రెండో వైపు. స్కోర్‌షీటు మీద గడియారం సమయం రాసుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి కాబట్టి, ఆ ఎత్తుకి ఎంతసేపు తీసుకున్నాడో కూడా తెలుస్తుంది. పది ఆటలు పోగయ్యేసరికి వాడి జబ్బు వాడికే కనిపిస్తుంది. తొందరా, భయమా, గెలిచేశాననే ధీమానా అని.

అది రాయాలంటే ముందు వాడు నిజం చెప్పాలి. నిజం చెప్పాలంటే భయం ఉండకూడదు. హాలు బయట నిలబడ్డ నాన్న చేతిలో ఉన్నది అదే. 'పోయినసారీ ఇదే చెప్పావు కదరా' అనే మాట నోటిదాకా వస్తుంది. ఆ ఎత్తు వేసే ముందు నాన్న కూడా ఒక్క క్షణం ఆగాలి. మంచినీళ్లు తాగించి, కాసేపయ్యాక వేరే ప్రశ్న అడగాలి.

'ఆ ఎత్తు వేసేటప్పుడు ఏం అనుకున్నావు నాన్నా?'

వాడు కళ్లు తుడుచుకుంటాడు. స్కోర్‌షీటు మడతలు విప్పుతాడు. 'ఇక్కడ్నుంచి చెప్తానుండు...' అంటాడు.